ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మకో నాన్నకో ఏ ఏర్పాటు మేలు? పడిపోయాక గడిచే గంటలతో లెక్క

పెద్దకొడుకు అమ్మను హైదరాబాద్ తీసుకొచ్చేస్తానంటాడు. కూతురు మనిషిని పెడదామంటుంది. అల్లుడు కెమెరా బిగిస్తే చాలంటాడు. ఆవిడేమో "నాకేటవుద్ది, ఇన్నాళ్లూ ఏటైంది?" అని ఫోను పెట్టేస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం నుంచి విజయనగరం జిల్లా భోగాపురం దాకా చాలా ఇళ్లలో నడుస్తున్న వాదన ఇదే. ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. అయితే ఖర్చుతోనో ప్రేమతోనో కొలిస్తే ఇది తేలదు, గంటలతో కొలవాలి.

దేనితో కొలవాలి

మొదటి ప్రశ్న: రాత్రి పదింటికి బాత్రూంలో జారిపడి లేవలేకపోతే ఎవరికి, ఎన్నింటికి తెలుస్తుంది? పడినప్పుడు తగిలిన దెబ్బ కన్నా, పడి గచ్చు మీదే ఉండిపోయిన గంటలు ఎక్కువ చేటు చేసిన సందర్భాలు చాలా ఉంటాయి. ఒకే పక్కన గంటకు మించి ఒత్తిడి పడితే కండ నలిగి, ఆ మలినం రక్తంలో కలిసి కిడ్నీలకు చేరుతుంది. నీళ్లు తాగే వీలుండదు. పిరుదుల దగ్గర చర్మం కమిలి పుండు మొదలవుతుంది. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీలు ముందే దెబ్బతిన్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు ఒక్క రాత్రి నేల మీద గడవడమే చాలు.

రెండోది, తెలిశాక ఆసుపత్రికి చేరే సమయం. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటల గడువు. ఈ గడువును జబ్బు కనిపెట్టిన క్షణం నుంచి లెక్కపెట్టరు. మనిషి చివరిసారి బాగున్నట్టు ఎవరైనా చూసిన సమయం నుంచి లెక్కపెడతారు. రాత్రి తొమ్మిదింటికి అరుగు మీద మాట్లాడి వెళ్లిన మనిషి పొద్దున ఏడింటికి మూతి వంకరపోయి కనిపిస్తే, ఆసుపత్రి లెక్కలో పది గంటలు గడిచిపోయినట్టే. విజయనగరం పక్క పల్లెకు, ఉద్దానం చివర ఊరికి ఈ విషయంలో చాలా తేడా ఉంది. మీ ఊరి నుంచి సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి అర్ధరాత్రి ఎంతసేపు పడుతుందో ఒకసారి లెక్కేసి పెట్టుకోండి.

మూడోది, ఆ ఏర్పాటు ఏ రోజు పనిచేయదు? 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటూ సిగ్నలూ లేవు. సంక్రాంతికి పెట్టిన మనిషీ సొంతూరికి వెళ్తుంది.

నాలుగోది, ఆ మనిషి ఇష్టం. ఇష్టం లేని పరికరం మేకుకు వేలాడుతుంది, ఇష్టం లేని పనిమనిషి వారానికే గొడవపడి వెళ్లిపోతుంది.

ఏ దారి పట్టినా ముందు ఇంట్లో చేయాల్సినవి

వీటిని చేయకుండా ఏర్పాట్ల గురించి వాదించుకోవడం దండగ. ముందు బాత్రూం తలుపు చూడండి. అది లోపలికి తెరుచుకునే తలుపైతే, పడ్డ మనిషి ఒళ్లే దానికి అడ్డం పడుతుంది. బయట నలుగురున్నా తోసి తెరవలేరు, గట్టిగా తోస్తే విరిగిన కాలికే తగులుతుంది. వడ్రంగిని పిలిచి కీళ్లు మార్పించి బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపలి గడియ తీసేయండి. సిగ్గుపడితే బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే లాక్ పెట్టించండి.

పట్టుకునే కడ్డీ గోడకు బిగించేటప్పుడు జరిగే తప్పు ఒకటుంది. తువ్వాలు వేసే రాడ్డునే రెండు చిన్న స్క్రూలతో, ప్లాస్టిక్ ప్లగ్గులతో బిగించి వదిలేస్తారు. పడబోయే మనిషి బరువంతా ఒక్కసారిగా దాని మీద పడితే ప్లగ్గుతో సహా ఊడొస్తుంది. ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న స్టీలు కడ్డీ తెచ్చి, ఇటుకలోకి దిగే యాంకర్ బోల్టులతో బిగించాలి. నేల నుంచి 33-36 అంగుళాల ఎత్తు, గోడకూ కడ్డీకీ మధ్య ఒకటిన్నర అంగుళాల సందు ఉండాలి. సందు ఇంకా ఎక్కువైతే చెయ్యి జారి ముంజేయి అందులో ఇరుక్కుంటుంది. బిగించాక ఇంట్లో బరువైన మనిషి పట్టుకుని వేలాడి చూడాలి. కమోడ్ కూర్చునే ఎత్తు 17-19 అంగుళాలుంటే మోకాళ్లకు సుఖం.

పల్లెల్లో బాత్రూం పెరట్లో ఉంటుంది. అక్కడికి వెళ్లే దారే అసలు ప్రమాదం. వానాకాలం గచ్చు మీద పాచి పడుతుంది. వారానికోసారి బ్లీచింగ్ పౌడరు చల్లి, పది నిమిషాలాగి చీపురుతో రుద్ది కడిగేయాలి. కాలువ మీది పలక కదులుతుంటే సిమెంటు పెట్టించండి. గడప అంచుకు తెల్ల రంగు వేస్తే మసక చూపుకు కనిపిస్తుంది. దారిలో రాత్రంతా వెలిగే చిన్న ఎల్ఈడీ, దిండు పక్కన టార్చి ఉండాలి. పాముల భయానికీ అదే మందు. బాత్రూం పెరట్లోనే ఉంటే రాత్రికి మంచం పక్కన కమోడ్ కుర్చీ వేయడం అన్నింటికన్నా చవకైన రక్షణ. మొదటి వారం ఛీ అంటారు, వానలు పడ్డాక వాళ్లే అడుగుతారు.

నులక మంచం సాగి కిందికి దిగిపోతే లేవడానికి రెండు మూడు ఊపులు కావాలి. ఆ ఊపులోనే తూలి పడతారు. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆని, మోకాలు లంబకోణంలో ఉండే ఎత్తు సరైనది.

బట్టలారేసే జీఐ తీగ సర్వీసు వైరుకో రేకుల షెడ్డుకో తగులుతుంటే ఈ రోజే విప్పేసి నైలాన్ తాడు కట్టండి. తడి చీర వేస్తుండగా షాక్ కొట్టి పోయేది ఇలాగే. మెయిన్ దగ్గర కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కట్టెల పొయ్యి దగ్గర వంగేవాళ్లు పైట చెంగు నడుముకు దోపుకోవాలి. నైలాన్ చీరతో పొయ్యి దగ్గరకు వెళ్లకూడదు.

మందుల సంచీ కూడా తెరిచి చూడండి. బీపీ మాత్రలు, ప్రోస్టేటుకు ఇచ్చే టామ్సులోసిన్, నిద్రమాత్రలు ఒకే రాత్రి కడుపులో పడితే మంచం దిగగానే కళ్లు తిరుగుతాయి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడమని ఏఎన్ఎంను అడగండి. లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే ఆ చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మాత్రలు సొంతంగా మానేయకూడదు. షుగరుకు గ్లిమిపిరైడ్ లాంటివి వేసుకుని ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తెల్లారేసరికి స్పృహ తప్పే కేసుల్లో ఇదొకటి.

ఐదు దారులు

| ఏర్పాటు | పగలు పడితే తెలిసేది | రాత్రి పడితే తెలిసేది | తుఫాను వస్తే |
|---|---|---|---|
| పక్కింటి చూపు, పొద్దున్నే మిస్డ్ కాల్ | గంటా రెండు గంటలు | తెల్లారాక | బాగానే నడుస్తుంది |
| పిలుపు గంట, వాచీ, కెమెరా | నిమిషాలు, పనిచేస్తే | నిమిషాలు, పనిచేస్తే | బ్యాటరీ గంట తప్ప అన్నీ ఆగుతాయి |
| పెట్టుకున్న మనిషి | ఉన్న వేళల్లో వెంటనే | రాత్రి తోడు ఉంటే వెంటనే | రాకపోవచ్చు |
| పిల్లల ఇల్లు | అందరూ ఆఫీసుకు పోతే సాయంత్రం | వెంటనే | ఫర్వాలేదు |
| వృద్ధాశ్రమం | వెంటనే | రాత్రి సిబ్బందిని బట్టి | ఆశ్రమాన్ని బట్టి |

పక్కింటి చూపు. గోడకు గోడ ఆనుకున్న వరస ఇళ్ల వీధుల్లో ఇది ఎప్పటినుంచో ఉన్నదే. పొద్దున ముగ్గు పడకపోతే ఎదురింటావిడ కేకేస్తుంది. దాన్ని కొంచెం గట్టిపరిస్తే చాలు. ఆరున్నరకు అమ్మ మిస్డ్ కాల్ ఇస్తుంది. ఏడైనా రాకపోతే మీరు ఫోను చేస్తారు. ఎత్తకపోతే ఏడుంబావుకు పక్కింటివాళ్లు వెళ్లి తలుపు తీస్తారు. తాళం చెవి ఒకటి వాళ్ల దగ్గర, ఇంకొకటి వేరే ఇంట్లో ఉండాలి. మొదటి ఇంటివాళ్లు పెళ్లికి వెళ్లిన రోజే ఏదో ఒకటి జరుగుతుంది మరి. లోపలి గడియ వేసుకుంటే తాళం చెవి ఉన్నా ఏం లాభం లేదు, కాబట్టి గడియకు బదులు బయటి నుంచి తీసే తాళం పెట్టించండి. ఈ ఏర్పాటు బలహీనత ఒక్కటే: రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరున్నర దాకా తొమ్మిదిన్నర గంటల చీకటి.

పిలుపు గంట, వాచీ, కెమెరా. కొన్ని స్మార్ట్ వాచీలు పడ్డట్టు గుర్తించి వాటంతటవే ఫోను చేస్తాయి. గట్టిగా పడితే గుర్తుపడతాయి, మంచం అంచు నుంచి మెల్లగా జారి కూలబడితే చాలాసార్లు పట్టించుకోవు. రోజూ ఛార్జింగ్ కావాలి, ఫోను దగ్గరలో ఉండాలి, స్నానానికి తీసి కిటికీలో పెట్టేస్తారు. అంటే జారిపడే చోటే చేతికి ఉండదు. కెమెరా ఉన్న హాల్లో పడరు, లేని బాత్రూంలో పడతారు. పడినా ఆ సమయంలో ఫోను చూసేదెవరు? కరెంటు పోతే వైఫై పోతుంది. పిల్లల మనసు కుదుటపడటానికి కెమెరా పనికొస్తుంది, అంతవరకే.

వాటికన్నా బజారులో దొరికే మామూలు వైర్‌లెస్ కాలింగ్ బెల్ నయం. గంట పక్కింట్లో, బటన్లు మీ ఇంట్లో పెట్టాలి. ఒకే గంటకు రెండు మూడు బటన్లు జతయ్యే రకం కొనండి. ఒకటి మంచం కోడుకు, ఇంకొకటి బాత్రూం గోడకు. ఆ బటన్ స్విచ్చిబోర్డు ఎత్తులో పెడితే వృథా, పడ్డ మనిషి చెయ్యి అక్కడికి అందదు. నేల నుంచి అడుగు ఎత్తులో, నీళ్లు చిమ్మని మూల పెట్టండి. మూడోది తాడుతో మెడలో. డబ్బా మీద వంద మీటర్లని రాసినా అది ఖాళీ మైదానం లెక్క. రెండు ఇటుక గోడలూ ఒక రేకుల కప్పూ అడ్డమొస్తే సగం కూడా రాకపోవచ్చు. గంట కూడా బ్యాటరీతో నడిచేదైతే కరెంటు పోయినా మోగుతుంది. నెలనెలా ఒకటో తేదీన పింఛను తీసుకున్నాక మూడు బటన్లూ నొక్కి చూడడం అలవాటు చేయండి. ఆ రోజు ఎవరూ మరిచిపోరు.

కీప్యాడ్ ఫోనైతే స్పీడ్ డయల్ 2 పక్కింటికి, 3 కొడుక్కి పెట్టి, ఫోను జేబు రవికెలోనో మెడ సంచీలోనో ఉంచాలి. చాలా ఇళ్లలో ఫోను ఛార్జరుకే వేలాడుతుంది.

మనిషిని పెట్టడం. డబ్బు ఇక్కడే తప్పుచోట ఖర్చవుతుంది. ఎక్కువమంది పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా వంటకూ అంట్లకూ మనిషిని పెడతారు. ఆ వేళలో వీధి నిండా జనమే, కూరగాయల బండి వస్తుంది, పక్కింటివాళ్లు పలకరిస్తారు. ఎవరూ రాని రాత్రిని మాత్రం దేవుడికి వదిలేస్తారు. పడటం పగలే ఎక్కువసార్లు జరగొచ్చు గాక, తెలియకుండా గంటలు గడిచేది రాత్రే. ఒక్కరికే జీతం ఇవ్వగలిగితే రాత్రి తోడు పడుకునే మనిషికి ఇవ్వండి. వీధిలో ఒంటరిగా ఉన్న మరో ఆడమనిషి కావచ్చు, చదువుకునే బంధువుల పిల్ల కావచ్చు. భోజనం, కొంత డబ్బు, పిల్ల చదువుకు ఫ్యాను కింద చోటు ఇస్తే కుదిరిపోయే ఒప్పందం ఇది. వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు వస్తోంది. అందులోంచే అమ్మ చేత ఇప్పిస్తే, తన మనిషి అన్న అధికారం ఆవిడకూ ఉంటుంది.

మంచం దిగలేని మనిషికి మాత్రం 24 గంటల తోడు కావాలి. అది ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకే మనిషిని రాత్రింబవళ్లు పెడితే పది రోజులకు అలసిపోయి మొద్దునిద్ర పోతుంది, పిలిచినా లేవదు. పగలు ఒకరు, రాత్రి ఒకరు, సెలవు రోజుకు మూడో మనిషి. ఈ ఖర్చు భరించలేకపోతే కింది రెండు దారులే.

పిల్లల ఇంటికి. పెద్ద ఆసుపత్రి దగ్గరవుతుంది, రాత్రి పక్క గదిలో మనిషి ఉంటాడు. ఇవి చిన్న లాభాలు కావు. కానీ భార్యాభర్తలిద్దరూ తొమ్మిదింటికి వెళ్లి ఏడింటికి వస్తే, లిఫ్టు శబ్దం తప్ప మనుషుల అలికిడి లేని ఫ్లాట్‌లో పది గంటలు ఒంటరి. అక్కడ పక్క ఫ్లాటువాళ్లకు ఈవిడ పేరు కూడా తెలియదు. తలుపు లాగితే దానంతటదే లాక్ అవుతుంది. నున్నటి టైల్స్ తడిస్తే పాచి పట్టిన గచ్చు కన్నా తక్కువేం కాదు. కొత్త ఇంట్లో మొదటి కొన్ని వారాలు రాత్రి లేచి బాత్రూం అనుకుని వేరే వైపు నడుస్తారు. మతిమరుపు మొదలైతే ఇది ఇంకా ఎక్కువ. తీసుకెళ్తే ముందు రెండు వారాలు ఎవరో ఒకరు సెలవు పెట్టండి, వాచ్‌మన్ దగ్గర తాళం చెవి ఉంచండి, మంచం నుంచి బాత్రూం దాకా లైటు వెలగనివ్వండి. పింఛను ఊళ్లో వేలిముద్ర వేసి తీసుకునేది కాబట్టి ఆ సంగతి గ్రామ సచివాలయంలో అడిగి బయల్దేరండి.

వృద్ధాశ్రమం. ఈ మాట ఎత్తితే ఊళ్లో పరువు పోతుందని చాలామంది ఆలోచించడమే మానేస్తారు. కొడుకులు లేనివాళ్లకూ, ఇంట్లో ఎవరితోనూ పడనివాళ్లకూ ఇది మంచి దారే కావచ్చు. చూడ్డానికి వెళ్తే తోటా గుడీ చూసి వచ్చేయకండి. రాత్రి పదకొండింటికి ఎంతమంది సిబ్బంది మేలుకుని ఉంటారు? మంచం దగ్గర పిలుపు గంట ఉందా? పడితే 108కి ఎవరు ఫోను చేస్తారు, ఆసుపత్రికి ఎవరు వెంట వెళ్తారు? బాత్రూం తలుపు ఎటు తెరుచుకుంటుంది? ఈ నాలుగూ అడగండి. పెద్దల సహాయానికి 14567 నంబరు ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. పిల్లలు పట్టించుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర అర్జీ పెట్టుకోవచ్చన్నది కూడా పెద్దవాళ్లకు తెలిసి ఉండాలి.

ఎవరికి ఏది

నడుస్తూ, వండుకుంటూ, మతి సరిగ్గా ఉన్న మనిషి వరస ఇళ్ల వీధిలో ఉంటే: పక్కింటి చూపు, బ్యాటరీ గంట, రాత్రి తోడు. పిల్లల ఇంటికి లాక్కెళ్లక్కర్లేదు.

తోటలో విడిగా ఇల్లు, కేకేస్తే వినపడే దూరంలో ఎవరూ లేరు: గంట పనిచేయదు. రాత్రి తోడు దొరికితేనే అక్కడ ఉండాలి, లేదంటే ఊరి మధ్యకు అద్దెకు మారినా మేలే. సొంత ఊళ్లోనే ఇల్లు మారడం చాలామందికి తట్టని దారి.

గత ఏడాదిలో రెండుసార్లు పడ్డవాళ్లు, ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు: పక్కింటి చూపుతో సరిపెట్టకండి. కంటికెదురుగా మనిషి ఉండాలి.

మతిమరుపు ముదిరినవాళ్లకు బటన్ గుర్తుండదు, ఫోను గుర్తుండదు. పొయ్యి వెలిగించి మరిచిపోతారు. వాళ్లకు రెండో దారి తీసేయండి.

ఇద్దరూ ఉన్న ఇళ్లలో ధైర్యం ఎక్కువ కనిపిస్తుంది. కానీ 80 ఏళ్ల ఆయన పడితే 75 ఏళ్ల ఆవిడ లేపబోయి తనూ పడుతుంది. వాళ్లకు చెప్పాల్సింది ఒక్కటే: లేపొద్దు, గంట నొక్కు.

తెలిశాక మొదటి పది నిమిషాలు

పక్కింటివాళ్లకు ఇది ముందే చెప్పి ఉంచాలి. రెక్క పట్టుకుని లేపేయకూడదు. పలకరించి, పాదాలు చూడాలి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్టే. కదిలించకుండా 108కి చేయాలి. తుంటికి నాటు కట్టు పనికిరాదు. వీలైతే రెండు రోజుల్లోపే ఆపరేషను జరిగేలా చూడాలి, కట్టు కట్టి పడుకోబెట్టిన ప్రతి వారమూ ఊపిరితిత్తులకు చేటు.

మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే నోట్లో ఏమీ పోయకూడదు. చివరిసారి బాగున్న సమయం కాగితం మీద రాసి చేతికివ్వాలి. చెమటలు పట్టి మత్తుగా ఉన్న షుగరు మనిషి మింగగలిగితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి. మింగలేకపోతే వద్దు. రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లకు తల తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వారాల తర్వాత తలనొప్పి, మగత వచ్చినా ఆ దెబ్బ సంగతి డాక్టరుకు చెప్పాలి. గంటకు మించి నేల మీద ఉంటే ఎన్ని గంటలో చెప్పండి. ఆర్ఎంపీ చేత నొప్పి సూది వేయించి ఇంట్లో ఉంచకండి, నలిగిన కండ భారంతో ఉన్న కిడ్నీలకు అది రెండో దెబ్బ.

ప్రాణం పోయాకే తెలిస్తే, నిద్రలో సహజంగా పోయిన మనిషి విషయంలో చూసిన డాక్టరు చేత మరణ కారణ పత్రం రాయించి 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించాలి. పడటం, షాక్, నిప్పు, నుయ్యి, పాము వల్ల అనిపిస్తే దహనానికి ముందే పోలీసులకు చెప్పాలి. దుఃఖంలో అది వద్దనిపిస్తుంది. కానీ 70 ఏళ్లలోపు మనిషికి బ్యాంకులో ఏటా 20 రూపాయలు కట్ అయ్యే సురక్షా బీమా ఉంటే, ఆ 2 లక్షలకు పోలీసు కాగితం, పోస్టుమార్టం రిపోర్టు అడుగుతారు.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. రాత్రి తొమ్మిది దాటాక, పక్కింట్లో ఒక్కరికి మాత్రం చెప్పి ఉంచి, మీరే బాత్రూంలో వెల్లకిలా పడుకోండి. ఒక కాలు కదపకుండా బటన్ అందుకుని నొక్కండి. గంట మోగి, వాళ్లు తాళం చెవి వెతికి, వీధి తలుపూ బాత్రూం తలుపూ తీసి మీ దగ్గరకు వచ్చేసరికి ఎన్ని నిమిషాలైందో చూడండి. పది దాటితే ఎక్కడ ఆలస్యమైందో అక్కడ సరిచేసి, మర్నాడు రాత్రి మళ్లీ పడుకోండి.